హమ్మింగ్‌బర్డ్ ఫీడర్: ఏం కలపాలి, ఏది కొనాలి, ఎవరు కడగాలి

హమ్మింగ్‌బర్డ్ ఫీడర్, అంటే ఆ చిన్న పిట్టలు తాగడానికి తీపి నీళ్ళు పోసి బయట వేలాడదీసే పాత్ర, కొనబోయే ముందు ఇంట్లో తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. మూడు రోజులకోసారి దాన్ని ఎవరు కడుగుతారు? రంగు, సైజు, ధర, రివ్యూలు అన్నీ ఆ తర్వాతే. మనం పోసే నెక్టర్ అంటే ఉత్త పంచదార నీళ్ళు. ఎండలో వేలాడే పంచదార నీళ్ళు పులుస్తాయి, బూజు పడతాయి. వాటిని తాగితే పిట్టకి జబ్బు చేస్తుంది. మూడు గ్రాముల బరువున్న ప్రాణం అది, జబ్బు చేస్తే తట్టుకునే నిల్వలు దాని ఒంట్లో ఉండవు. అందుకే ఇక్కడ ఏ రెండింటిని పోల్చినా నా మొగ్గు సులువుగా శుభ్రం చేయగలిగిన దానివైపే ఉంటుంది.

ఇది ముఖ్యంగా అమెరికా, కెనడాలలో ఉంటున్న తెలుగువాళ్ళ కోసం. హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా స్వేచ్ఛగా తిరగవు. మీ ఊరిని బట్టి మీ పెరట్లోకి వచ్చే పిట్ట మారుతుంది, ఫీడర్ ఎన్నాళ్ళు బయట ఉంచాలన్నదీ మారుతుంది. న్యూజెర్సీ, వర్జీనియా, జార్జియా, మిషిగన్ లాంటి తూర్పు రాష్ట్రాల్లో గూడు కట్టేది రూబీ త్రోటెడ్ రకం ఒక్కటే. మగపిట్ట గొంతు మీద వెలుతురు పడితే కెంపులా మెరుస్తుంది. డాలస్, ఆస్టిన్ వైపు దానితో పాటు బ్లాక్ చిన్డ్ రకం కూడా వస్తుంది. బే ఏరియా, సియాటెల్ వాళ్ళకి అన్నాస్ హమ్మింగ్‌బర్డ్ జనవరి చలిలో కూడా కనిపిస్తుంది, అది ఏడాది పొడవునా అక్కడే ఉంటుంది.

పంచదార, బెల్లం, తేనె

మన ఇళ్ళల్లో ఇప్పుడు తెల్ల పంచదారకి మంచి పేరు లేదు. కాఫీలో బెల్లం పొడి, నిమ్మరసంలో తేనె, బేకింగ్‌కి ఆర్గానిక్ బ్రౌన్ షుగర్ వాడుతున్నాం. పిట్టకి కూడా మంచిదే పెడదామని అదే చేత్తో బెల్లం కలుపుతారు కొందరు. ప్రేమతోనే కలుపుతారు. కానీ మనకి ఆరోగ్యం అనుకుని వాడే వాటిలో ఏదీ హమ్మింగ్‌బర్డ్‌కి పనికిరాదు. దానికి కావలసింది తెల్ల పంచదార మాత్రమే.

తెల్ల పంచదార అంటే దాదాపు పూర్తిగా సుక్రోజ్. హమ్మింగ్‌బర్డ్‌లు వాలే పువ్వుల మకరందంలో కూడా ఎక్కువగా ఉండేది సుక్రోజే. చెరకు పంచదారా, బీట్ దుంప పంచదారా అని ఆలోచించనక్కర్లేదు, పిట్ట దగ్గరికి వచ్చేసరికి రెండూ ఒకటే. కాస్ట్‌కో పెద్ద సంచి అయినా సరే, వాల్‌మార్ట్ సొంత బ్రాండ్ అయినా సరే.

బెల్లం సంగతి వేరు. బెల్లంలో, బ్రౌన్ షుగర్‌లో, టర్బినాడో అనే ముడి పంచదారలో, లేత గోధుమరంగులో ఉండే ఆర్గానిక్ పంచదారలో మొలాసిస్ (చెరకు మడ్డి) మిగిలి ఉంటుంది. దాంతో పాటు ఇనుము వస్తుంది. రక్తం తక్కువగా ఉందంటే పెద్దవాళ్ళు మనల్ని బెల్లం తినమనేది ఆ ఇనుము కోసమే. పువ్వుల మకరందంలో మాత్రం ఇనుము లేనట్టే లెక్క. ఆ తిండికి అలవాటుపడిన పిట్ట శరీరం ఎక్కువైన ఇనుమును బయటికి పంపలేదు, అది లివర్‌లో పేరుకుంటుంది. ఒకసారి తాగితే ఏమీ కాకపోవచ్చు. రోజంతా అదే ఫీడర్ చుట్టూ తిరిగే పిట్టకి మాత్రం బెల్లం నీళ్ళు నెమ్మదిగా ఎక్కే విషమే.

తేనె ఇంకా ప్రమాదం. గట్టిగా ఉన్నంతసేపు తేనె చెడిపోదు, నీళ్ళు కలిపిన క్షణం నుంచి పులవడం మొదలవుతుంది. అందులో ఫంగస్, బ్యాక్టీరియా పంచదార నీళ్ళలో కంటే చాలా త్వరగా పెరుగుతాయి. పిట్ట నాలుకకి ప్రాణం తీసే ఇన్ఫెక్షన్ రావచ్చు. తేనెటీగ చేసిన తేనె, పువ్వులోని మకరందం ఒకటి కావు. తేనెటీగ మకరందంలోని నీరు ఇగర్చి, సుక్రోజ్‌ని విడగొట్టాక తయారయ్యేది తేనె.

పటికబెల్లం గురించి కూడా అడుగుతుంటారు. అది గడ్డకట్టిన పంచదారే కాబట్టి హాని లేదు, కాకపోతే పలుకుల మధ్య ఖాళీల వల్ల కప్పుతో కొలిస్తే లెక్క తప్పుతుంది. దాని బదులు మామూలు పంచదార తీసుకోవడమే నయం. కేకుల మీద చల్లే మెత్తటి పౌడర్ షుగర్‌లో ఉండలు కట్టకుండా మొక్కజొన్న పిండి కలుపుతారు, అది వద్దు. స్టీవియా లాంటి షుగర్‌ఫ్రీ తీపి అయితే అసలు వద్దే వద్దు. అందులో శక్తి ఉండదు కాబట్టి పిట్ట కడుపు నిండా తాగి కూడా ఆకలితో చచ్చిపోతుంది. గ్లూకోజ్ పొడి, విటమిన్ చుక్కలు, ఉప్పు చిటికెడు, ఇవేవీ కలపకండి. ప్రొటీన్, ఖనిజాల కోసం అది చిన్న చిన్న దోమలు, సాలీళ్ళు పట్టుకు తింటుంది. మన ఫీడర్ ఇచ్చేది ఎగరడానికి ఇంధనం మాత్రమే.

ఒకటికి నాలుగు

ఒక కప్పు పంచదారకి నాలుగు కప్పుల నీళ్ళు. ఈ కొలత తూకంతో కాదు, ఒకే కప్పుతో. ఇలా కలిపితే బరువు ప్రకారం సుమారు 18 శాతం పంచదార ఉంటుంది, పువ్వుల మకరందానికి అది దగ్గర. ఒకటికి మూడు కలిపితే 22 శాతం దాకా వెళ్తుంది. సియాటెల్ లాంటి చోట గడ్డకట్టే చలి రోజుల్లో ఒకటికి మూడు కలపడంలో తప్పు లేదు, తక్కువ సార్లు తాగి ఎక్కువ శక్తి పొందుతుంది. మిగతా అందరూ ఏడాదంతా ఒకటికి నాలుగే ఉంచుకోండి.

తీపి ఎక్కువైతే పిట్టలు ఎక్కువ వస్తాయని ఒకటికి రెండు కలిపేవాళ్ళు ఉన్నారు. దయచేసి అలా చేయకండి. హమ్మింగ్‌బర్డ్ నాలుక చివర రెండుగా చీలి ఉంటుంది, సెకనుకి పదిసార్లకు పైగా లోపలికీ బయటికీ ఆడుతూ ద్రవాన్ని లాగుతుంది. చిక్కటి ద్రవం ఆ సన్నటి నాలుకలోకి ఎక్కదు. పైగా డాలస్ ఆగస్టు ఎండలో పిట్టకి పంచదారతో పాటు నీళ్ళు కూడా కావాలి.

మరిగించాలా, అక్కర్లేదా అన్నదాని మీద రెండు వాదాలున్నాయి. మరిగిస్తే నీళ్ళలోని, పంచదారలోని సూక్ష్మజీవులు చచ్చి ఫ్రిజ్‌లో ఇంకొన్నాళ్ళు నిలవ ఉంటుంది. అది నిజమే. కానీ ఫీడర్‌లో పోశాక మొదటి పిట్ట నాలుక పెట్టగానే కొత్త సూక్ష్మజీవులు చేరతాయి, అక్కడితో మరిగించిన లాభం అయిపోతుంది. కాబట్టి కొంచెమే కలిపి ఆ రోజే వాడేస్తే మరిగించనవసరం లేదు, పంచదార కరిగేంత వేడి నీళ్ళు చాలు. వారానికి సరిపడా ఒకేసారి చేసుకుని ఫ్రిజ్‌లో పెట్టుకునేవాళ్ళు ఒక పొంగు రానిచ్చి దించేయండి. పొయ్యి మీద వదిలేసి పాకం పట్టనివ్వకండి, నీరు ఇగిరితే నిష్పత్తి మారిపోతుంది. పూర్తిగా చల్లారాకే ఫీడర్‌లో పోయాలి. ఫ్రిజ్‌లో మూత బిగించిన గాజు సీసాలో ఒకటి రెండు వారాలు ఉంటుంది. మబ్బుగా కనిపించినా, దారాల్లాంటివి తేలినా పారబోయండి.

నీళ్ళు మామూలు కుళాయి నీళ్ళే. మునిసిపల్ నీళ్ళలో ఉండే కాస్త క్లోరిన్ గురించి టెన్షన్ పడనక్కర్లేదు, వేడి చేస్తే చాలా వరకు పోతుంది. బోరు నీళ్ళు వాడే ఇళ్ళల్లో సింక్ మీద తుప్పు రంగు మరకలు పడుతుంటే మాత్రం ఇనుము ఎక్కువగా ఉన్నట్టు. అక్కడ ఫిల్టర్ నీళ్ళు వాడండి.

కొన్న నెక్టర్‌తో పోలిస్తే

దుకాణంలో మూడు రకాలు దొరుకుతాయి: ఎర్ర రంగు ద్రవం, రంగు లేని ద్రవం, నీళ్ళలో కలుపుకునే పొడి. ఎర్ర దాన్ని పూర్తిగా పక్కన పెట్టేయండి. పువ్వుల మకరందం ఎర్రగా ఉండదు, నీళ్ళలా ఉంటుంది. పిట్టని రప్పించే ఎరుపు ఫీడర్ మీద ఉంటే చాలు, దాదాపు అన్ని ఫీడర్లకీ అది ఉంటుంది. పెట్రోలియం నుంచి తయారయ్యే రంగుని మూడు గ్రాముల పిట్టకి రోజూ తాగించడానికి ఒక్క కారణం కూడా నాకు కనిపించదు. ఇంట్లో కలిపే దాంట్లో కూడా ఫుడ్ కలర్ వేయకండి, బీట్‌రూట్ రసం కూడా వద్దు.

రంగు లేని రెడీమేడ్ ద్రవం హానికరం కాదు. లేబుల్ మీద సుక్రోజ్, నీళ్ళు తప్ప ఇంకేమీ లేకపోతే అది మీరు ఇంట్లో చేసుకునేదే. కానీ దానికి ఎందుకు డబ్బు పెట్టాలి? నాలుగు పౌండ్ల పంచదార ప్యాకెట్‌లో తొమ్మిది కప్పులు వస్తాయి. ఒకటికి నాలుగు చొప్పున కలిపితే తొమ్మిది లీటర్లు దాటుతుంది. కొన్న ద్రవంతో ఇంకో చిక్కు కూడా ఉంది. ఖరీదు పెట్టి కొన్నాం కదా అని మూడు రోజులైనా పారబోయడానికి చెయ్యి రాదు. ఇంట్లో కలిపినదైతే మనసు పీకదు. పిట్ట ఆరోగ్యం ఆ పారబోయడం మీదే ఆధారపడి ఉంది కాబట్టి నాకు ఇది చిన్న విషయంగా అనిపించదు.

సీసా ఫీడరా, పళ్ళెం ఫీడరా

డబ్బు పెట్టే ముందు ఎక్కువగా ఆలోచించవలసింది ఇక్కడే.

సీసా ఫీడర్ అంటే తలకిందులుగా వేలాడే గాజు సీసా, కింద ఎర్ర అడుగు, దానికి పువ్వుల్లాంటి రంధ్రాలు. చూడ్డానికి అందంగా ఉంటుంది. బహుమతిగా వచ్చేది సాధారణంగా ఇదే. ఇందులో ద్రవం కిందికి కారిపోకుండా ఆపేది సీసా పైభాగంలో ఏర్పడే తక్కువ గాలి ఒత్తిడి. సగం ఖాళీ అయ్యాక పైన గాలి పెరుగుతుంది. ఎండ తగిలి ఆ గాలి వేడెక్కి వ్యాకోచిస్తే ద్రవాన్ని రంధ్రాల్లోంచి బయటికి నెడుతుంది. చుక్కలు చుక్కలుగా కారుతుంది, కింద డెక్ అంతా జిగురు. ఆ వాసనకి చీమలు, కందిరీగలు, తేనెటీగలు చేరతాయి. ఇవి ముసిరితే హమ్మింగ్‌బర్డ్ దగ్గరికి కూడా రాదు. సన్న మూతి ఉన్న సీసా అయితే కడగడానికి ప్రత్యేకంగా బ్రష్ కావాలి, మెడ దగ్గర నల్ల బూజు చుక్కలు చూపుకి అందవు.

పళ్ళెం ఫీడర్ వెడల్పు గిన్నె, దాని మీద రంధ్రాలున్న ఎర్ర మూత. ద్రవం రంధ్రాలకి కొంచెం కింద ఉంటుంది. హమ్మింగ్‌బర్డ్ పొడవాటి నాలుకకి అది అందుతుంది, తేనెటీగకి అందదు. గాలి ఒత్తిడితో పని లేదు కాబట్టి ఎండకి కారదు. మూత తీస్తే ప్రతి మూలా కనిపిస్తుంది, మామూలు గిన్నె స్పాంజితో రెండు నిమిషాల్లో కడిగేయవచ్చు. ఆస్పెక్ట్స్ కంపెనీ హమ్‌జింగర్ ఈ రకానిదే, మధ్యలో చీమల్ని ఆపడానికి నీళ్ళు పోసే గుంట కూడా దానికే ఉంటుంది. లోపం ఒకటుంది. గాలి బాగా వీచే చోట పళ్ళెం ఊగి ద్రవం తొణికిపోతుంది. ఓక్లహోమా, కాన్సాస్ లాంటి గాలి ప్రాంతాల్లో గొలుసుకి కాకుండా కదలని స్తంభానికి బిగించే రకం తీసుకోవాలి.

నా సలహా స్పష్టం: మొదటిసారి కొనేవాళ్ళు పళ్ళెం ఫీడరే కొనండి. ఇప్పటికే సీసా ఫీడర్ ఉన్నవాళ్ళు పారేయనక్కర్లేదు, నీడలో తగిలించి, ప్రతిసారీ నిండుగా కాకపోయినా తాజాగా నింపితే పనికొస్తుంది. రోజూ పదుల సంఖ్యలో పిట్టలు వచ్చే ఇళ్ళకి పెద్ద సీసా అవసరమే. టెక్సస్ తీరంలోని రాక్‌పోర్ట్‌లో ప్రతి సెప్టెంబర్‌లో హమ్మింగ్‌బర్డ్ పండగ జరుగుతుంది. ఆ రోజుల్లో అక్కడ ఇళ్ళ ముందు సీసాలు చూస్తుండగానే ఖాళీ అవుతాయి. హ్యూస్టన్ నుంచి మూడు గంటల డ్రైవ్, పిల్లల్ని తీసుకుని తప్పకుండా వెళ్ళండి. దక్షిణానికి దూర వలస వెళ్ళబోయే ముందు రూబీ త్రోటెడ్ పిట్టలు అక్కడ తాగి తాగి బరువు దాదాపు రెట్టింపు చేసుకుంటాయి.

సైజు విషయంలో చాలామంది పెద్దది కొంటే తరచూ నింపే పని తప్పుతుందనుకుంటారు. లెక్క చూడండి. ఒక పిట్ట రోజంతా మీ ఫీడర్ మీదే ఆధారపడినా రెండు మూడు టీస్పూన్లకి మించి తాగదు. 32 ఔన్సుల సీసా అంటే తొమ్మిది వందల మిల్లీలీటర్లకు పైనే. రెండు పిట్టలొచ్చే పెరట్లో అది ఖాళీ అయ్యేలోపు ఎన్నిసార్లు పులిసిపోతుందో ఆలోచించండి. 8 నుంచి 12 ఔన్సుల ఫీడర్ కొని, అందులోనూ సగమే పోయండి.

గాజు, ప్లాస్టిక్ మధ్య నాకు పెద్ద పట్టింపు లేదు. గాజు గీతలు పడదు, వేడినీళ్ళకి తట్టుకుంటుంది, కింద పడితే పగులుతుంది. మంచి ప్లాస్టిక్ తేలిక, పగలదు, కొన్నేళ్ళకి ఎండకి పెళుసవుతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో ప్లాస్టిక్ మేలు. పసుపు రంగు పువ్వులు, పసుపు జాలీలు ఉన్న ఫీడర్ మాత్రం వద్దు. పసుపు తేనెటీగల్ని, కందిరీగల్ని పిలుస్తుంది.

చీమలకి మన అమ్మమ్మల ఉపాయమే సరైనది. తేనె గిన్నెని నీళ్ళ పళ్ళెంలో పెట్టినట్టు, ఫీడర్‌కి పైన కొక్కేనికి ఒక చిన్న నీళ్ళ గిన్నె తగిలిస్తారు, చీమ నీళ్ళు దాటి దిగలేదు. దాన్ని యాంట్ మోట్ అని అమ్ముతారు. అందులో ఉత్త నీళ్ళే పోయండి. కొక్కేనికి నూనె, వ్యాసెలిన్ పూయమని చెప్పేవాళ్ళ మాట వినకండి. ఆ జిడ్డు ఈకలకి అంటితే పిట్ట కడుక్కోలేదు, ఎగరలేదు. చీమల మందు, స్ప్రేలు ఫీడర్ దరిదాపుల్లోకి రాకూడదు.

కడిగే లెక్క

దీనికి క్యాలెండర్ కంటే థర్మామీటర్ నమ్మండి. పగటి వేడి 90 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే రోజూ, లేదా కనీసం రోజు విడిచి రోజు పాత నెక్టర్ పారబోసి, కడిగి, కొత్తది పోయాలి. 80లలో ఉంటే రెండు రోజులకి, 70లలో మూడు నాలుగు రోజులకి. 60లు, అంతకంటే చల్లగా ఉన్నప్పుడు వారానికోసారి. పిట్టలు తాగినా తాగకపోయినా ఇదే లెక్క. సగం మిగిలిందని దాని మీదే కొత్తది పోయడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. మిగిలిన పాతదాంట్లోని సూక్ష్మజీవులు కొత్తదాన్ని కూడా అదే రోజు చెడగొడతాయి.

మామూలు రోజుల్లో వేడినీళ్ళు, స్పాంజి, రంధ్రాలకి ఒక సన్నటి బ్రష్ సరిపోతాయి. వారానికోసారి ఒక వంతు తెల్ల వెనిగర్, రెండు వంతుల నీళ్ళు కలిపి కాసేపు నానబెట్టి రుద్దితే జిగురు పొర వదులుతుంది. గిన్నెల సబ్బు వాడితే వాసన పోయేదాకా కడగాలి. నల్ల బూజు చుక్కలు కనిపిస్తే గ్యాలన్ నీళ్ళకి పావు కప్పు బ్లీచ్ కలిపి గంట నానబెట్టండి, తర్వాత చాలాసార్లు కడిగి పూర్తిగా ఆరబెట్టండి. వెనిగర్, బ్లీచ్ ఎప్పుడూ కలపకండి, ఆ రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది.

నిజంగా ఖర్చు పెట్టదగ్గది రెండో ఫీడర్ మీద. ఒకటి ఆరుతుంటే ఇంకొకటి తగిలించవచ్చు, దాంతో కడగడం వాయిదా పడదు. పైగా ఒక మగపిట్ట ఒక ఫీడర్‌ని తన సొంతం చేసుకుని మిగతా వాటిని తరిమేస్తుంది. ఇంటికి ఆ వైపున, మొదటిది కనిపించని చోట రెండోది పెడితే బెదిరిపోయిన పిట్టలకి కూడా తిండి దొరుకుతుంది.

ఎక్కడ తగిలించాలి

పొద్దున ఎండ, మధ్యాహ్నం నీడ పడే చోటు అన్నిటికంటే మంచిది. కిటికీ దగ్గరైతే అద్దానికి మూడు అడుగుల లోపల పెట్టండి, లేదా 30 అడుగులకి మించి దూరంగా. మధ్య దూరాల్లో పిట్ట వేగం అందుకుని అద్దంలో కనిపించే చెట్ల నీడని చెట్టే అనుకుని గుద్దుకుంటుంది. పిల్లి ఎగిరి అందుకోలేనంత ఎత్తు ఉండాలి. ఫీడర్ మీద గొల్లభామలా పచ్చగా కూర్చునే మాంటిస్ కనిపిస్తే తీసి దూరంగా మొక్కల్లో వదిలేయండి, అది హమ్మింగ్‌బర్డ్‌ని కూడా పట్టేస్తుంది. అపార్ట్‌మెంట్ వాళ్ళకి కిటికీ అద్దానికి అతికే చిన్న ఫీడర్లు బాగుంటాయి. పిట్టని అంత దగ్గరగా చూసే అవకాశం పెరడున్నవాళ్ళకి కూడా ఉండదు. కొనేముందు బాల్కనీలో ఏం పెట్టవచ్చో లీజులో చూసుకోండి.

ఫీడర్ లేకుండా మొక్కలతో

కడగడం కుదరదనుకునేవాళ్ళకి నా సమాధానం మొక్కలు. ఇది రెండో రకం ఎంపిక అని నేను అనుకోను. పువ్వులో మకరందం రోజూ తాజాగా ఊరుతుంది, పువ్వు చుట్టూ చేరే చిన్న పురుగులు పిట్టకి ప్రొటీన్ కూడా ఇస్తాయి. ఎంత శుభ్రమైన ఫీడరైనా ఈ రెండో పని చేయలేదు. తూర్పు రాష్ట్రాల్లో కోరల్ హనీసకిల్ తీగ, బీ బామ్, కార్డినల్ ఫ్లవర్ వేయండి. నర్సరీలో జపనీస్ హనీసకిల్ ఇస్తామంటే వద్దనండి, అది చుట్టుపక్కల అడవంతా ఆక్రమించే తీగ. టెక్సస్‌లో టర్క్స్ క్యాప్, ఆటమ్ సేజ్ ఎండకి తట్టుకుంటాయి. టర్క్స్ క్యాప్ మన మందారం కుటుంబంలోదే, పువ్వు పూర్తిగా విచ్చుకోకుండా ఎర్ర మొగ్గలా నిలబడుతుంది. కాలిఫోర్నియాలో హమ్మింగ్‌బర్డ్ సేజ్, కాలిఫోర్నియా ఫ్యూషియా.

పూజకని కుండీల్లో పెంచుకునే ఎర్ర మందారానికి కూడా హమ్మింగ్‌బర్డ్‌లు వస్తాయి. తెల్లనల్లి పట్టిందని, పేను పట్టిందని దానికి పురుగుమందు కొట్టారంటే మాత్రం అది మకరందంలోకి కూడా చేరుతుంది. వేపనూనె కూడా పువ్వుల మీద కొట్టకండి. నీళ్ళ పైపుతో గట్టిగా కడిగితే పేను చాలా వరకు రాలిపోతుంది.

హైదరాబాద్, విజయవాడల్లో ఉన్న బంధువులు ఫీడర్ వీడియో చూసి తమకీ ఒకటి తెమ్మంటారు. అక్కడ హమ్మింగ్‌బర్డ్ లేదు. అలా కనిపించేది తేనెపిట్ట, వేరే కుటుంబం, ఎక్కువగా కొమ్మ మీద వాలి తాగుతుంది. మే నెల ఎండలో పంచదార నీళ్ళు ఒక్క పూటలో పులిసిపోతాయి. వాళ్ళకి ఫీడర్ తీసుకెళ్ళకండి. మందారం, దానిమ్మ ఉన్న పెరట్లోకి తేనెపిట్ట పిలవకుండానే వస్తుంది.

మీ ఇంటికి ఏది

ఉదయం ఆఫీసు హడావిడి, చిన్నపిల్లలు ఉన్న ఇల్లు: 8 ఔన్సుల పళ్ళెం ఫీడర్లు రెండు, ఆదివారం ఫ్రిజ్‌లోకి ఒక సీసా నెక్టర్. అరకప్పు పంచదార, రెండు కప్పుల నీళ్ళు చాలు. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఆరునెలలు ఉండే ఇల్లయితే ఈ పని వాళ్ళకి అప్పగించండి. పగలంతా ఇంట్లో ఉండే పెద్దవాళ్ళకి కిటికీ పక్కన పిట్ట రాకపోకలు మంచి కాలక్షేపం, ఫీడర్ కూడా శుభ్రంగా ఉంటుంది. బెల్లం వద్దని మాత్రం ముందే చెప్పండి. వారం వారం ప్రయాణాలు చేసే కన్సల్టెంట్లకి ఫీడర్ వద్దు, కోరల్ హనీసకిల్ తీగ పెట్టండి.

బయట పెట్టే రోజుల సంగతి. హ్యూస్టన్‌లో మార్చి మొదట్లో, డాలస్, అట్లాంటాల్లో మార్చి మధ్యకి, న్యూజెర్సీ, చికాగో, డెట్రాయిట్‌లలో ఏప్రిల్ చివరికి ఫీడర్ సిద్ధంగా ఉండాలి. శరదృతువులో ఫీడర్ తీయకపోతే పిట్టలు వలస మానేస్తాయన్నది అపోహ. పగటి నిడివి తగ్గడం చూసి అవి బయల్దేరతాయి. చివరి పిట్ట కనిపించాక ఇంకో రెండు వారాలు ఉంచండి, ఉత్తరం నుంచి ఆలస్యంగా వచ్చేవాటికి దారిలో ఆసరా అవుతుంది.

సియాటెల్ చలికాలంలో నెక్టర్ కూడా గడ్డకడుతుంది. పంచదార ఉండటం వల్ల నీళ్ళ కంటే ఒకటి రెండు డిగ్రీలు ఆలస్యం, అంతే. రాత్రి ఫీడర్ లోపలికి తెచ్చి తెల్లవారకముందే బయట పెట్టడం ఖర్చు లేని పద్ధతి. రాత్రంతా ఒంటి వేడి తగ్గించుకుని మొద్దునిద్రలో గడిపిన పిట్టకి లేవగానే తిండి కావాలి. పొద్దున్నే లేవలేనివాళ్ళు ఫీడర్ కింద బిగించే చిన్న హీటర్ కొనుక్కోవచ్చు.

ఇక ఇండియా ప్రయాణం. తూర్పు రాష్ట్రాలవాళ్ళకి డిసెంబర్‌లో చిక్కు లేదు, ఫీడర్ అప్పటికే లోపల ఉంటుంది. జూన్, జూలైలలో వెళ్తుంటే బయల్దేరే ముందు రోజు ఫీడర్ కడిగి, ఆరబెట్టి, అల్మారాలో పెట్టేయండి. వేసవిలో పువ్వులున్నాయి, పిట్ట వేరే చోట వెతుక్కుంటుంది. నింపి వదిలేసి వెళ్తే నెలంతా అది పులిసిన నీళ్ళ గిన్నె. పశ్చిమ తీరంవాళ్ళు చలికాలంలో వెళ్తుంటే పక్కింటివాళ్ళని అడగండి. నెక్టర్ కలిపి ఇచ్చి వెళ్ళకండి, రెండు వారాలకి మించి నిలవదు. పంచదార డబ్బా, కొలత కప్పు, కడిగే బ్రష్ మూడూ ఒక సంచిలో పెట్టి ఇచ్చి, ఒక కప్పుకి నాలుగు కప్పులు అని డబ్బా మీద రాసి అంటించండి.